ఉత్తుత్తి సైరన్

ఏటి అడిగినా ఒకటే మాట ఈ మనిషికి, అని పొద్దున్న అమ్మ మంగాయమ్మ గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టింది. ఆ చప్పుడు ఆశాజ్యోతి చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది, బస్సు ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు కూడలిలో ఆగిపోయాక కూడా. ముందెక్కడో లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయిందట. దాని వెనక ఇంకొన్ని లారీలు, ఆటోలు, సందు కనపడితే చాలు ముక్కు దూర్చేసే మోటారుసైకిళ్లు, అందరూ పందెం వేసుకున్నట్టు హారన్లు. డ్రైవరు ఇంజను ఆపేశాడంటే ఇంక ఇప్పట్లో కదలదని పెందుర్తి నుంచి రోజూ వచ్చేవాళ్లకి తెలుసు కాబట్టి ఎవరి లోకంలో వాళ్లు పడ్డారు. ముందు సీటావిడ ఒళ్లో గుడ్డ పరుచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కనున్న ముసలావిడ నిద్రలోకి జారి ఆశాజ్యోతి భుజం మీద వాలబోయి, ఉలిక్కిపడి సర్దుకుని, మళ్లీ వాలుతోంది. ఆశాజ్యోతికి మాత్రం అమ్మ మాటే. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడుగుతుంది, ముద్ద నోట్లో పెట్టకముందే నాన్న సరిపోయింది అంటాడు. పులుసే కాదు, పప్పయినా అంతే, చారయినా అంతే. ఒకసారి అమ్మ కావాలని గిన్నెలో ఉత్త నీళ్లు పోసి అడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా సరిపోయిందనేశాడు, ఆ రోజు ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వే మాటే అది. మరి ఇవాళ ఆ మాట ఎందుకిలా వదలడం లేదు? ఏది అడిగినా ఒకటే జవాబు. ఈ మాట తను ఇంకెక్కడో విన్నది. వినడం కాదు, రాసింది. అవును, తన చేత్తో తనే రాసింది.

రాసింది కంప్యూటర్లో. సిరిపురంలో ఒక మేడ మీద మూడు గదుల ఆఫీసు. ఉన్న పదిమందిలోనూ చిన్నది తనే. ఉద్యోగంలో చేరి ఇంకా ఆరునెలలు నిండలేదు, పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో ఈ నెలాఖరుకి తేలుతుంది. పోర్టుని ఆనుకుని ఉన్న ఒక ఖనిజాల యార్డుకి ఆ ఆఫీసు ప్రోగ్రాము రాసిచ్చింది. వ్యాగన్లలో దిగిన ఇనప రాయి బెల్టుల మీద ఓడ దాకా వెళుతుంది. ఒక్కో బెల్టు ఒక్కో పొడుగాటి రేకుల సొరంగంలో ఉంటుంది, దాన్ని గేలరీ అంటారు. అలాంటివి ఐదు, ఒకదాని తర్వాత ఒకటి. బెల్టు కదిలేముందు ఆ గేలరీలో సైరన్ మోగాలి, కింద రాలిన రాయి ఎత్తుతున్న ఆడవాళ్లు చీపుర్లూ గమేళాలూ తీసుకుని పక్కకి తప్పుకోవాలి, ఆ తర్వాతే బెల్టు కదలాలి. ఏ బెల్టుకి ఏ గేలరీ సైరన్ మోగించాలో చూసుకునే ముక్క ఆశాజ్యోతిది. చిన్న ముక్క. ఈరోజు పది గంటలకి ఆ ముక్క మొదటిసారి నిజంగా పని చెయ్యబోతోంది, నిజం బెల్టుతో, నిజం సైరన్లతో, నిజం మనుషులతో. తను ఇప్పటికే అక్కడ ఉండాల్సింది. తను ఉన్నా లేకపోయినా అది పనిచేస్తుందని నిన్న సాయంత్రం దాకా నమ్మకంగానే ఉంది. నిన్న సాయంత్రం ఎందుకు, అమ్మ గిన్నె మీద కొట్టేదాకా ఉంది.

ఈ ముక్క గురించి ఇంట్లో చెప్పబోయి తను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ప్రోగ్రాములో ఫ్యాక్టరీ అని ఒకటి ఉంటుందమ్మా, నిజం ఫ్యాక్టరీ కాదు, పేరు మాత్రమే అది, గేలరీ నంబరు చెప్పి అడిగితే ఆ గేలరీ సైరన్ తెచ్చి మన చేతికి ఇస్తుంది, అని చెబితే మంగాయమ్మ అంతా విని తలూపి, మర్నాడు ఎదురింటి కనకరత్నంతో మా గుంట సైరన్ల ఫేక్టరీలో సేత్తంది అని చెప్పేసింది. వారం తిరక్కుండా కనకరత్నం వచ్చి, మీ ఫేక్టరీలో మావోడికి హెల్పరు పనేదేనా ఉంటాదేటి అని అడిగింది. ఉండదండీ అంటే ఆవిడకి కోపం, చదువుకున్నాక కళ్లు నెత్తికెక్కాయని. ఇంట్లో సంగతి సరే, తనకి మాత్రం మొదట్లో ఏం అర్థమైంది? దేవీప్రసాద్ గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చెప్పారు. ఆయన టీము లీడరు, తండ్రి పోర్టులో ఉద్యోగానికని అమలాపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, ప్రసాద్ గారు పుట్టి పెరిగింది ఇక్కడే అయినా కోపంలో కూడా అండీ వదలరు. చూడండి ఆశా, మీరు పరీక్షించేది మీ ముక్కనండి, సైరన్లని కాదు, పరీక్ష రాసిన ప్రతిసారీ యార్డుకి పరిగెత్తుతామా చెప్పండి, అందుకని అసలు ఫ్యాక్టరీ స్థానంలో ఒక మాక్ ఫ్యాక్టరీని తయారుచేసి మీ ముక్కకి బయటనుంచి అందించండి, అది ఒక మాక్ సైరన్‌ని ఇస్తుంది, మీ ముక్క ఆ సైరన్‌ని మోగించిందో లేదో చూసుకోండి, అంతేనండి.

మాక్ అంటే ఉత్తుత్తి, అనుకుంది తను అప్పుడు. ఉత్తుత్తి ఫ్యాక్టరీ, ఉత్తుత్తి సైరన్. అలా అనుకోగానే భయం పోయింది, సబ్బవరం దగ్గర తాతగారి కళ్లంలో ఆడుకున్న ఆటలు గుర్తొచ్చాయి. ఇసక అన్నం, గన్నేరాకుల కూర, కొబ్బరి చిప్పల్లో వడ్డన, తమ్ముడు కార్తీక్ చుట్టం. చుట్టం తింటున్నట్టు నోరు ఆడించి బాగుంది అనాలి, అదీ ఆట. బాగుంది అనకపోతే మళ్లీ ఆడనివ్వను అని ముందే వాడిని బెదిరించి కూర్చోబెట్టేది తను. వాడు పాపం ఏం పెట్టినా బాగుంది అనేవాడు. ఆఫీసులో మొదటి పరీక్ష నడిపిన రోజు తెర మీద పచ్చ గీత వచ్చింది, అంటే పరీక్ష నెగ్గినట్టు, ఎర్ర గీత అయితే తప్పినట్టు. ఆ పచ్చ గీత చూసి తను గాల్లో తేలిపోయింది. రెండోది, మూడోది, అన్నీ పచ్చే. యార్డు ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారు ఆఫీసుకొచ్చినప్పుడు తనే తెర ఆయన వైపు తిప్పి, చూడండి సార్ అన్నీ పచ్చ, అంది గర్వంగా. ఆయనకి ఏమర్థమైందో గానీ పచ్చంటే మంచిదే కదమ్మా అన్నారు. మంచిదే సార్ అంది తను. కార్తీక్ కూడా అలాగే అనేవాడు. బాగుంది, బాగుంది.

ఇప్పుడు ఆ పరీక్షలో తను రాసిన వరస గుర్తు తెచ్చుకోవాలి. కళ్లు మూసుకుంటే తెర కనపడుతోంది, వరసలు కనపడుతున్నాయి, అక్షరాలే అలుక్కుపోయినట్టున్నాయి. ఐదు గేలరీలకి ఐదు ఉత్తుత్తి సైరన్లు చెయ్యాలి నిజానికి. మూడో నంబరు అడిగితే మూడోది ఇవ్వు, నాలుగు అడిగితే నాలుగోది ఇవ్వు, అని ఉత్తుత్తి ఫ్యాక్టరీకి విడివిడిగా నేర్పాలి. ఆ రోజు భోజనానికి లేచేలోగా పూర్తిచెయ్యమన్నారు ప్రసాద్ గారు, పక్క టేబులు మీద ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు, వాసన వస్తోంది, ఇది మాత్రం బాగా గుర్తుంది. తను ఒకే ఒక్క సైరన్ చేసి, ఏ నంబరు అడిగినా ఇదే ఇవ్వు, అని ఒక వరస రాసేసింది. ఏ నంబరు అడిగినా. నీళ్లు పోసినా సరిపోయింది అన్నట్టు. అంటే తన ముక్క ఒకటో గేలరీ అడగాల్సిన చోట ఐదోది అడిగినా ఉత్తుత్తి ఫ్యాక్టరీ నోరెత్తదు, ఉన్న ఒక్కదాన్నీ చేతిలో పెడుతుంది, అది మోగుతుంది, పచ్చ గీత వస్తుంది. తన ముక్క తప్పడానికి ఉన్నదే ఆ ఒక్క చోటు. సరిగ్గా ఆ చోటునే అడగకుండా వదిలేసింది.  ముసలావిడ తల భుజం మీద పూర్తిగా వాలింది, ఈసారి లేవలేదు.

అయితే మాత్రం ఏం, అని వెంటనే సర్దిచెప్పుకుంది. పరీక్ష అడగనంత మాత్రాన ముక్క తప్పయిపోతుందా? నాన్న రుచి చూడకుండా చెప్పినంత మాత్రాన అమ్మ పులుసులో ఉప్పు తక్కువవుతుందా? నంబర్లు సరిగ్గా వేస్తే చాలు, వేసే ఉంటుంది, ఎందుకు వెయ్యదు. ఏ బెల్టుకి ఏ గేలరీయో యార్డంతా తిరిగి చూసింది కదా. తిప్పింది నూకాలు. నలభై దాటిన మనిషి, రాయి ఎత్తే ఆడవాళ్లకి పెద్ద, తల నుంచి పాదాల దాకా ఎర్రటి ఇనప ధూళి, నవ్వితే పళ్లు మాత్రం తెల్లగా మెరుస్తాయి. చెప్పులు జారతాయని తన చెయ్యి పట్టుకుని నడిపించింది. ఓడ దగ్గర మొదలుపెట్టి వ్యాగన్ల దాకా. ఇదిగో ఇది ఒకటో గేలరీ తల్లీ, ఇది రెండు, అని చెప్పుకుంటూ. బెల్టు ఆగి ఉన్నప్పుడే లోపలికి వెళతారు, కదిలేముందు ఎల్లాజీ అనే ఆయన ఈల ఊదుకుంటూ గేలరీ ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తాడు. ఆ ఈల వినపడ్డాకే చీపురు ఎత్తడం. కొత్త సైరన్లొచ్చాక ఎల్లాజీ నడవక్కర్లేదు, ఆయన్ని గేటు దగ్గరికి మార్చేస్తున్నారు. ఆ మాట విని నూకాలు నడుస్తున్నదల్లా ఆగి తన మొహంలోకి చూసింది. ఎల్లాజీ అయితే కిందకి వొంగి సూసి మరీ ఎల్తాడు, మరి నీ సైరన్ మోగుద్దా తల్లీ, అంది. మోగుతుందమ్మా అంది తను. ఎంత తేలిగ్గా అనేసింది! అప్పటికి తను ఒక్క వరస కూడా రాయలేదు.

ఓడ దగ్గర్నుంచి. ఓడ దగ్గర్నుంచి ఒకటి, రెండు. ఇక్కడేదో ముల్లులా గుచ్చుకుంటోంది. శ్రీరామ్మూర్తి గారి బల్ల మీద పరిచిన పెద్ద నక్షా. తను ఆయనకి ఎదురుగా కూర్చుంది, నక్షా ఆయన వైపు తిరిగి ఉంది, తనకి తలకిందులుగా. వ్యాగన్లు ఎడమనా, కుడినా? ఒకటి అనే అంకె ఎటువైపు ఉంది? ఆయన వేలితో చూపిస్తూ ఒకటి, రెండు అంటూ జరిపినప్పుడు ఆ వేలు వ్యాగన్ల గుర్తు మీద నుంచి మొదలైనట్టు ఇప్పుడు అనిపిస్తోంది. సరుకు ఎటునుంచి వస్తే అటునుంచి లెక్క పెట్టడం ఇంజనీర్ల పద్ధతి కదా. సరుకు దిగేది వ్యాగన్ల దగ్గరే. పనివాళ్లకి మాత్రం ఓడ మొదలు, ఓడ వస్తేనే వాళ్లకి పని, పొద్దున్న దిగేది కూడా ఓడ వైపు గేటు దగ్గరే. అసలు ఫ్యాక్టరీని రాసింది సైరన్లు అమ్మిన కంపెనీ వాళ్లు, వాళ్లు నక్షా చూసే రాసి ఉంటారు. తను? తను ఎవరి లెక్క వేసింది? నూకాలు గొంతు చెవిలో ఉంది, ఇది ఒకటో గేలరీ తల్లీ, వెచ్చటి గరుకు చెయ్యి తన చేతిలో ఉంది. నక్షా మీద చూసిన అంకెలు గుర్తులేవు. గుర్తున్నదే రాస్తారు ఎవరైనా. కాదు, ప్రసాద్ గారు నక్షా కాపీ ఇచ్చారు, అది గోడకి అంటించుకుంది, అంటించుకున్నది ఈ యార్డుదా, అంతకుముందు చేసిన సిమెంటు వాళ్లదా? తల తిరిగిపోతోంది. ఇటు పట్టుకుంటే అటు జారిపోతోంది, ఒకసారి ఖచ్చితంగా నక్షా చూసే రాశానని అనిపిస్తోంది, రెండో నిమిషంలో నూకాలు నవ్వు కనపడి అంతా తారుమారవుతోంది.

కానీ మూడో గేలరీ! ఒక్కసారిగా ఊపిరి వచ్చినట్టయింది. మొన్న మూడో గేలరీలో సరిచూశారు కదా, ప్రసాద్ గారూ తనూ స్వయంగా వెళ్లి, అసలు ఫ్యాక్టరీ పెట్టి, అసలు సైరన్ పెట్టి. మధ్యలో ఉంది, ఎటునుంచి వచ్చినా దగ్గర అని అదొక్కటీ చూశారు. మోగింది, చెవులు చిల్లులు పడేలా మోగింది, పావురాలు గుంపుగా లేచిపోయాయి, శ్రీరామ్మూర్తి గారు అందరికీ జిలేబీ తెప్పించారు. తప్పయి ఉంటే అది మోగేదా? హమ్మయ్య. కిటికీ బయట అరటిపళ్ల బండివాడు ఆగిన బస్సు చూసి ఇటే తోసుకొస్తున్నాడు, ఒక అత్తం పళ్లు చేత్తో ఎత్తి చూపించాడు, వద్దన్నట్టు తను చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఐదు వేళ్లు. బొటనవేలు నుంచి లెక్కపెడితే ఒకటి, రెండు, మూడు, నడిమివేలు. చిటికెనవేలు నుంచి లెక్కపెడితే ఒకటి, రెండు, మూడు, నడిమివేలు. మళ్లీ పెట్టింది. ఎటునుంచి పెట్టినా నడిమివేలు మూడోదే. బొటనవేలూ చిటికెనవేలూ మాత్రం ఒకదాని చోటుకి ఒకటి వెళ్లిపోతున్నాయి. అంటే మొన్న మూడోది మోగడం వల్ల ఏమీ తేలలేదు, తప్పు లెక్క వేసినా అది మోగుతుంది. అరటిపళ్లవాడు బేరం కుదిరిందనుకుని కిటికీ దగ్గరికొచ్చి, ఐదు కావాలేటమ్మా అన్నాడు. ఆశాజ్యోతికి ఏడుపు తన్నుకొచ్చింది.

ఈరోజు కదిలేది వ్యాగన్ల వైపు చివరి బెల్టు. దాని కింద నూకాలు వాళ్లుంటారు, సైరన్ మోగితేనే లేవండి అని వాళ్లకి చెప్పి ఉంచారు. తను గనక నూకాలు లెక్క వేసి ఉంటే సైరన్ ఓడ వైపు చివర మోగుతుంది, అక్కడ ఎవరూ ఉండరు. కంట్రోల్ రూములో తెర మీద సైరన్ మోగిందని పచ్చ దీపం వెలుగుతుంది, శ్రీరామ్మూర్తి గారు ఊఁ కానివ్వండి అంటారు. ఆ తర్వాతది ఊహించలేక కళ్లు గట్టిగా మూసుకుంది. మూసుకుంటే నాన్న. నాన్న ఎందుకొచ్చాడు ఇప్పుడు? గంగాధరరావు గాజువాక దాటాక ఒక ఇనప ఊచల మిల్లులో పనిచేసేవాడు. ఏడాదికి రెండుసార్లు అక్కడ ప్రమాదం జరిగినట్టు ఉత్తుత్తి విన్యాసం, దాన్ని మాక్ డ్రిల్ అనేవారు. ఎప్పుడు పెట్టినా దెబ్బ తగిలినవాడు నాన్నే, బక్కపల్చటి మనిషి, మొయ్యడానికి సుళువని. ఆయనకదో సరదా. ఇంటికి స్వీటు పేకెట్టు తెచ్చేవాడు, తనూ కార్తీకూ చుట్టూ మూగి, నాన్నా ఈసారి ఎలా పడ్డావు అని అడిగితే చాప మీద పడి, మూలిగి చూపించేవాడు. అంబులెన్సు ఇట్టే వచ్చేది, పెద్దాఫీసర్లు గడియారం చూసుకుని చప్పట్లు కొట్టేవారు. అది గోడ మలుపులో ఇంజను ఆన్ చేసుకుని సిద్ధంగా ఉండేదని నాన్న చాలా ఏళ్లకి గానీ చెప్పలేదు. చెప్పింది నిజంగా పడ్డాకే. నిచ్చెన జారి పడి కాలు విరిగి అరుస్తుంటే తోటివాళ్లు నవ్వారట, ఓరి గంగాధరం, లెగరా, ఇయాల డ్రిల్లు లేదురా, అని. నిజమని తెలిసేసరికి చాలాసేపయింది, అంబులెన్సు తప్పు గేటుకి వెళ్లి అక్కడ హారన్ కొడుతూ కూర్చుంది. ఇప్పటికీ నాన్న కుంటుతూనే నడుస్తాడు. మంచం మీద పడుకుని ఆ రోజుల్లో ఒకే మాట అనేవాడు, డ్రిల్లులో అన్నీ సరిగ్గా జరిగేవమ్మా, నాను ఎక్కడ పడతానో అందరికీ ముందే తెలుసు గదా. అని నవ్వేవాడు కూడా. తనకి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఫోను తీసింది. ప్రసాద్ గారికి కొట్టింది, మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ కొట్టింది. ఆ రొదలో వినపడదు ఆయనకి, లేకపోతే జేబులో పెట్టి మరిచిపోయారు. శ్రీరామ్మూర్తి గారి నంబరుంది. దాని మీద వేలు పెట్టి ఆగింది. ఏమని చెబుతుంది? తప్పుందని చెప్పాలంటే తప్పుందని తెలియాలి. తెలియదు. సరిగ్గానే ఉండి ఉంటే? ఓడ వచ్చి లంగరేసి ఉంది, పెద్దవాళ్లందరూ చూడ్డానికి వచ్చారు, చేరి ఆరునెలలైనా కాని పిల్ల బస్సులోంచి ఫోను చేసి ఆపించిందంటే, తీరా చూస్తే ఏమీ లేదంటే, ప్రసాద్ గారి మొహం ఎక్కడ పెట్టుకుంటారు? నన్నడిగి మిమ్మల్ని తీసుకున్నారండి అని ఆయన ఒకసారి అన్నారు కూడా. నెలాఖరు గుర్తొచ్చింది. అమ్మ కనకరత్నంతో ఏం చెబుతుందో గుర్తొచ్చింది. ఇంకొంచెంసేపు ఆలోచిస్తే ఆ వరస గుర్తొచ్చేస్తుందేమో, గుర్తొస్తే చాలు, ఫోనే అక్కర్లేదు. కళ్లు మూసుకుంది. ఓడ బెల్టు, ఒకటి. వ్యాగన్ల బెల్టు, ఒకటి. రెండూ ఒకేలా కనపడుతున్నాయి, రెండూ తను రాసినట్టే ఉన్నాయి. ఎంత వెతికినా తన మనసు కూడా ఆ ఉత్తుత్తి ఫ్యాక్టరీలాగే అయిపోయింది, ఏది అడిగితే అదే నిజమంటోంది. ఇంక దాన్ని అడిగి లాభం లేదు. శ్రీరామ్మూర్తి గారి నంబరు నొక్కేసింది.

"ఏటమ్మా, ఇంకా రాలేదేటి నువ్వు? అందరం నీ కోసమే సూత్తన్నాం. మొదలెట్టేత్తన్నాం మరి."

"సార్, ఆపండి సార్. బెల్టు కదపకండి."

అవతల ఏదో యంత్రం రొద, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. "అన్నీ పచ్చ అన్నావు గదమ్మా, నువ్వే సూపించావు గదా?"

"పచ్చ అనమని నేనే నేర్పాను సార్ దానికి. సైరన్ వేరే చోట మోగుతుందేమో. గేలరీ నంబర్లు ఓడ నుంచి లెక్క వేశానేమో సార్."

"ఏసేవా, ఏలేదా? సరీగ సెప్పు."

"తెలీదు సార్."

"తెలీకండా ఇంతమందిని ఆపమంతావేటమ్మా!"

"తెలీదు కాబట్టే ఆపమంటున్నాను సార్," అంది ఆశాజ్యోతి. గొంతు తనది కానట్టు ఎక్కువ గట్టిగా వచ్చింది, ముందు సీటావిడ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. "ముందు ఉత్త సైరన్ మోగించి చూడండి సార్. ప్రసాద్ గారిని గేలరీలోకి పంపండి. ఎల్లాజీ గారిని కూడా పంపండి, ఈలతో."

 ఫోను పెట్టేశారో, పక్కన పడేశారో తెలియదు. తర్వాతంతా ఎంతసేపో తెలియని ఎదురుచూపు. అంతలో లారీని ఎవరో పక్కకి లాగినట్టున్నారు, బస్సు ఒక్కసారి ఊగి కదిలింది, ముసలావిడ లేచి, ఏ స్టాపిది, అని అడిగింది. మర్రిపాలెం వస్తోందండి అని చెప్పింది తను, చెప్పగలిగినందుకు ఆశ్చర్యపోతూ. ఇది ఒక్కటీ ఖచ్చితంగా తెలుసు, ఎన్.ఏ.డి. తర్వాత మర్రిపాలెం, ఎటునుంచి లెక్కపెట్టినా కాదు, ఇటునుంచి వెళుతున్నాం కాబట్టి. కంచరపాలెం దాటుతుంటే తనది తప్పు కాకూడదని ఒకసారి మొక్కుకుంది. వెంటనే, తనది తప్పే అయితే బాగుండునని ఇంకోసారి అనిపించింది, ఊరికే ఆపిందనే మాట పడక్కర్లేదని. తప్పయితే బాగుండునా? నూకాలు ప్రాణం పక్కన పెట్టి తన పరువు లెక్క చూసుకుంటున్నందుకు సిగ్గేసింది. వాళ్లు నిజంగా ఆపారా? ఆపకుండా, ఈ పిల్లకి కంగారెక్కువ అని నవ్వుకుని బటను నొక్కేశారా? ఓరి గంగాధరం, లెగరా. చేతిలో ఫోను చెమటకి జారిపోతోంది, కొంగుతో తుడిచి మళ్లీ పట్టుకుంది. అప్పుడు మోగింది.

"ఆశా, నేనండి, ప్రసాద్‌ని. వ్యాగన్ల వైపు గేలరీలో ఉన్నాను." ఆయన ఆయాసపడుతున్నారు, పరిగెత్తినట్టున్నారు. "బెల్టు కదపలేదండి. ఉత్త సైరన్ మోగించమన్నాను. మోగించామంటున్నారు కంట్రోల్ రూమువాళ్లు. తెర మీద పచ్చగా వెలిగిందట."

"అక్కడ మోగిందా అండీ?"

తెర మీద పచ్చగానే వెలిగిందటండి, అని ప్రసాద్ గారు మళ్లీ అదే మాట అన్నారు. అది అవునో, కాదో ఆశాజ్యోతికి తెలియలేదు. ఆయనకే నమ్మకం కలగడం లేదేమో, పరీక్షలన్నీ దగ్గరుండి చూసింది ఆయనే కదా.

"ఒకసారి నూకాలమ్మకి ఇవ్వండి ఫోను," అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు, గాజుల చప్పుడు, ఎక్కడో దగ్గర్లో ఎల్లాజీ ఈల. తర్వాత చెవి పక్కనే అరిచినట్టు నూకాలు. "ఓలమ్మ, నువ్వేటి తల్లీ! నువ్వు రాలేదేటి? మీ ఆపీసాయనెవరో వొచ్చి మా కాడ నిలబడి పైకి సూత్తన్నాడు, ఆయన్ని సూసి మేమూ సూత్తన్నాం."

"అమ్మా, సైరన్ మోగిందా?"

"ఏటి మోగడం? అల్లక్కడ ఓడ కాడ ఏదో కూత యినపడింది, మాకేటనుకున్నాం. మాకు మోగితే గదా లెగడం, బెల్టు కిందే కూకున్నాం అందరం." నూకాలు అటు తిరిగి ఎవరినో కేకేసి మళ్లీ ఇటు తిరిగింది. "మాది నువ్వెప్పుడు మోగిత్తావో సెప్పు. ఇంకా ఆలీసమైతే ఈలోగా టీ తాగొచ్చేత్తాం."

బస్సు జ్ఞానాపురం మలుపు తిరుగుతోంది. ముందు సీటావిడ పూర్తిగా వెనక్కి తిరిగి, ఏటమ్మా ఎందుకేడుత్తన్నావ్ అంటోంది. ఏడుస్తున్నట్టు ఆశాజ్యోతికి అప్పుడే తెలిసింది. ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది.

"తాగండమ్మా," అంది. "అందరూ బయటికొచ్చేసి తాగండి."